శీతకాలపు స్టీల్‌హెడ్ వేట – మూడో పాఠం: పడవను ఆపుతూ నడపడం

మొదటి రెండు పాఠాలలో స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్లి మళ్లీ నది ఎక్కే ట్రౌట్ చేప) జీవితచక్రాన్ని, గాలపు సరంజామాను, ఒరెగాన్ రాష్ట్రపు లైసెన్సు నిబంధనలను చూశాము. ఈ పాఠంలో పడవ ఎక్కుతున్నాము. ఉదాహరణకు విల్సన్ నదినే కొనసాగిస్తున్నాను. కోస్ట్ రేంజ్ కొండల్లో పుట్టి టిల్లమూక్ అఖాతంలో కలిసే ఈ నది పక్కనే ఆరో నంబరు హైవే సాగుతుంది కాబట్టి, పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు ఉదయాన్నే బయలుదేరి, రోజంతా నేర్చుకుని, రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు.

డ్రిఫ్ట్ బోటు అంటే తెడ్లతో అదుపు చేస్తూ నదిలో దిగే పడవ. దాన్ని ముందుకు నడిపే పని నది చేస్తుంది. తెడ్లు పట్టినవారి పని దానిని ఆపడం. ఈ పాఠమంతా ఆ ఒక్క పని గురించే. ప్రాణాన్ని కాపాడేదీ, చేప నోటిముందు ఎరను నిలిపేదీ ఒకే లాగుడు. అది చేతికి అలవాటు కాకముందే గాలం మీద మనసు పెట్టేవారు రెండింటికీ దూరమవుతారు.

బయలుదేరే ముందు: నది ఎక్కుతోందా, దిగుతోందా

వరద నీటితోపాటు గోదావరికి ఎదురెక్కే పులస గురించి తెలిసినవారికి స్టీల్‌హెడ్ రాకపోకలు వెంటనే అర్థమవుతాయి. ఇదీ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నది ఎక్కే చేపే. నీరు పెరిగినప్పుడు కదులుతుంది, తగ్గుతున్నప్పుడు దారిలో ఆగుతుంది. తేడా కాలంలో ఉంది. పులసది వానాకాలం, శీతకాలపు స్టీల్‌హెడ్ నవంబరు చివరి నుంచి ఏప్రిల్ వరకు వస్తుంది. వేసవిలో వచ్చే స్టీల్‌హెడ్ నెలల తరబడి నదిలోనే కాలం గడుపుతుంది. శీతకాలంలో వచ్చేది దాదాపు పక్వానికి వచ్చి ఉంటుంది కాబట్టి దానికి అంత తీరిక లేదు. అందువల్ల ఏ రోజు వెళ్లామన్నది ఏ ఎర వాడామన్నదానికంటే ముఖ్యం.

నీటిమట్టాన్ని యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే) సంస్థ కొలమానం చూసి తెలుసుకోవాలి. టిల్లమూక్ దగ్గర విల్సన్ నదికి అలాంటి కొలమానం ఉంది. మట్టం అడుగుల్లోనూ, ప్రవాహం క్యూసెక్కుల్లోనూ కనిపిస్తుంది. ధవళేశ్వరం వరద వార్తలు చదివిన మనకు క్యూసెక్కు కొత్త కాదు: సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. అయితే అంకె ఒక్కటే చూసి నిర్ణయించుకోకూడదు. మట్టం ఎలా మారుతోందో చూపే గ్రాఫు గీత వాలు చూడాలి. ఈ నదులకు ఆధారం మంచు కాదు, వాన. కాబట్టి ఒక రాత్రి గట్టి వాన పడితే గీత నిట్టనిలువుగా లేచి, వాన ఆగాక కొన్ని రోజులపాటు మెల్లగా దిగుతుంది. లేస్తున్న గీత మీద పడవ దింపవద్దు. అప్పుడు నీరు బురదగా ఉండడం ఒక్కటే కారణం కాదు. ఒడ్డున పడి ఉన్న దుంగలన్నీ ఆ సమయంలోనే తేలి కొట్టుకువస్తాయి. దిగుతున్న గీతలో, నీరు మట్టిరంగు వదిలి పాలు కలిసిన ఆకుపచ్చకు వచ్చి, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా అడుగు మసకగా కనిపించే రోజు మన రోజు. పొరుగునే ఉన్న కిల్చిస్ చిన్న నది, విల్సన్ కంటే ముందే తేటపడుతుంది. వాన వెలిసిన మర్నాడు విల్సన్ మురికిగానే ఉంటే స్థానికులు అటువైపు చూస్తారు.

చేప ఎక్కడ నిలుస్తుంది

మనిషి తాపీగా నడిచే వేగంతో కదిలే నీరు, మూడు నుంచి ఆరడుగుల లోతు: శీతకాలపు స్టీల్‌హెడ్‌కు ఇష్టమైన చోటు స్థూలంగా ఇది. వడి నీటికీ నెమ్మది నీటికీ మధ్య పైన ఒక గీత కనిపిస్తుంది. చేప ఆ గీతకు నెమ్మది వైపున ఉంటుంది. మడుగు చివర, నీరు మళ్లీ పలచబడి తర్వాతి జోరులోకి (రాళ్ల మీదుగా వడిగా దూకే నీరు, రాపిడ్) జారబోయే చోట, కింది నుంచి శ్రమపడి ఎక్కివచ్చిన చేప కాసేపు ఆగుతుంది. పెద్ద బండరాయి వెనక ఆగుతుందని అందరికీ తెలుసు కానీ, బండకు ముందు నీరు మెత్తబడే చిన్న చోటును చాలామంది వదిలేస్తారు. నీరు ఎక్కువగా, మురికిగా ఉన్నప్పుడు చేప మధ్యలో ఉండదు. ఒడ్డుకు అతి దగ్గరగా, మనం నిలబడి గాలం విసిరే చోటనే ఉంటుంది. పడవవారు మధ్యధారలో పోతూ అంచులను మరచిపోవడం ఇందువల్లే తప్పు.

పడవ, తెడ్లు

ఇప్పుడు మనం వాడుతున్న ఆకారం ఒరెగాన్‌లోని మెకెంజీ నది మీద రూపుదిద్దుకుంది. 1940లలో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో వుడీ హిండ్‌మన్ వంటి పడవ పనివారు దానికి మెరుగులు దిద్దారు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది. కానీ పొడవునా చూస్తే అణియం (ముందు కొన), అమరం (వెనక కొన) రెండూ పైకి లేచి, నడిమి భాగం మాత్రమే నీటిని తాకుతుంది. పక్కలు బయటికి వాలి ఉంటాయి. ఈ వంపు వల్లనే పదహారడుగుల పడవ కూడా ఒక్క లాగుడుకు ఉన్నచోటనే తిరుగుతుంది, జానెడు లోతు నీటి మీదుగా పోగలుగుతుంది. ఆ వంపు వల్లనే నీటి పట్టు లేక, తెడ్లు వదిలిన క్షణంలో ఎటు పడితే అటు తిరిగిపోతుంది కూడా.

తెడ్లు వేసేవారు ప్రవాహం పోయే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటారు. గాలం వేసేవారు వారి ముందు కూర్చుంటారు. పిడులను రొమ్ము వైపు లాగితే పడవ ఎగువకు జరగాలని చూస్తుంది. నది దానిని దిగువకు తోస్తుంది. రెండింటి తేడాయే మీ చేతిలోని సమయం. చేతులతో మాత్రమే లాగితే అరగంటలో భుజాలు పడిపోతాయి. పాదాలు గట్టిగా తన్నిపెట్టి, చేతులు దాదాపు చాచి ఉంచి, నడుమునుంచి వెనక్కి వాలాలి. తెడ్డు రెక్క నీటిలో మునిగితే చాలు; లోతుగా గుచ్చితే రాయికి తగిలి, పిడి వచ్చి గుండెలకు కొడుతుంది. పలచని నీటిలో దిగువ వైపు తెడ్డు విషయంలో ఈ ప్రమాదం ఎక్కువ కాబట్టి, అలాంటి చోట్ల దాన్ని ముందే పైకెత్తి పెట్టుకోవాలి. అదనపు తెడ్డు ఒకటి, చేతికి అందేలా, పడవలో తప్పక ఉండాలి.

కోణం

ఒక బండ ఎదురుగా వస్తోందనుకుందాం. మీరు ఎడమవైపుకు జరిగి దాన్ని తప్పించుకోవాలి. కొత్తవారి ఒళ్లు సహజంగా చేసే పని పడవ ముక్కును ఎడమకు తిప్పి ముందుకు తోయడం. అలా చేస్తే నది వేగానికి మీ వేగం తోడై, బండ రెట్టింపు తొందరగా వస్తుంది. చేయవలసింది దీనికి వ్యతిరేకం. ముక్కును బండవైపే, అంటే కుడికి తిప్పండి. అప్పుడు వెనక భాగం ఎడమ ఒడ్డువైపు, కొంచెం ఎగువకు చూస్తుంది. ఇక రెండు తెడ్లూ లాగండి. పడవ వేగం తగ్గుతూనే ఎడమకు జరుగుతుంది. ప్రమాదాన్ని ఎదురుగా చూడు, దానినుంచి వెనక్కి లాగు: తెడ్డు వేసేవారు కంఠస్థం చేయవలసిన సూత్రం ఇదొక్కటే.

కోణం ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీలు దాటకూడదు. అంతకు మించి తిరిగితే పడవ ప్రవాహానికి అడ్డం పడుతుంది. వేగం తగ్గించే శక్తి పోతుంది, పక్కభాగం మొత్తం నీటికి దొరుకుతుంది. నీటి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. కాబట్టి నెమ్మది నీటిలో సరిదిద్దుకోగలిగిన పొరపాటును జోరులో సరిదిద్దుకోలేరు. అందుకే లాగుడు ముందుగా మొదలవ్వాలి. బండ దగ్గరికి వచ్చాక పది సార్లు బలంగా లాగేవారికంటే, దూరంగా ఉన్నప్పుడే మూడు సార్లు నింపాదిగా లాగేవారు మంచి పడవవారు.

ఎంత జాగ్రత్త పడినా పడవ పక్కగా బండకు ఆనుకుంటే, అందరూ వెంటనే బండవైపుకే ఒరగాలి. భయంతో దానికి దూరంగా ఒరిగితే ఎగువ అంచు కిందికి దిగి, నది పడవలోకి నడిచి వస్తుంది. ఈ మాట రేవు దగ్గరే ప్రయాణికులకు చెప్పి, ఒకసారి చేయించి చూడాలి. నీటిలో చెప్పే వ్యవధి ఉండదు.

బండకంటే చెట్టు ప్రమాదం. బండ నీటిని పక్కకు తోసేస్తుంది, దానితోపాటు మీరూ జారిపోవచ్చు. పడిపోయిన చెట్టు కొమ్మల మధ్యనుంచి నీరు పోతుంది, మనిషి పోలేడు. ఈ కొండల్లో ప్రతి వరదా కొత్త చెట్లను తెచ్చి మలుపుల బయటి ఒడ్డున పడేస్తుంది. అందుకే కనుచూపు ఆనని ప్రతి మలుపులోనూ లోపలి ఒడ్డుకు దగ్గరగా వెళ్లాలి. అనుమానం ఉంటే పడవ ఆపి, దిగి, నడిచి చూసి రావాలి. కిందటి వారం చూసిన నదే కదా అనుకోవడం ఇక్కడ చెల్లదు.

లంగరు

డ్రిఫ్ట్ బోటుకు లంగరు వెనకనుంచి వేలాడుతుంది. ముప్పై పౌండ్ల బరువు మామూలు. నెమ్మదిగా కదిలే పలచని నీటిలోనే వేయాలి. మధ్యధారలో వేస్తే తాడు బిగిసి వెనక భాగాన్ని కిందికి లాగుతుంది, నీరు దాని మీదుగా లోపలికి వస్తుంది. మునిగిన పడవల కథలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. తాడు చివర ముడి వేయవద్దు. లంగరు రాళ్ల మధ్య ఇరుక్కుంటే తాడు పూర్తిగా జారిపోగలగాలి. జారకపోతే కోయడానికి కత్తి మీ ఒంటిమీదే ఉండాలి, పెట్టెలో కాదు. లంగరు డబ్బులతో మళ్లీ దొరుకుతుంది.

చన్నీరు

జనవరిలో ఈ నీటి ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. అందులో పడితే ఏమవుతుందో 1-10-1 అని గుర్తుపెట్టుకుంటారు. మొదటి ఒక నిమిషం ఊపిరి మీద అదుపు ఉండదు. ఎగశ్వాసలో నీరు మింగకుండా ఉండడమే పని. తర్వాత సుమారు పది నిమిషాలు చేతులు, కాళ్లు మాట వింటాయి. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి గంట దాకా పట్టవచ్చు. అంటే చలికంటే ముందు చంపేది మునక. లైఫ్ జాకెట్ తొడుక్కున్నవారికి మాత్రమే ఆ గంట దక్కుతుంది. ఒరెగాన్‌లో 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ దాన్ని తొడుక్కోవాలని, ప్రమాద స్థాయిని బట్టి జోరులకు ఇచ్చే తరగతుల్లో మూడోది, ఆపైవి ఉన్న చోట అందరూ తొడుక్కోవాలని చట్టం. నా పడవలో చట్టంతో పని లేదు, రేవు దాటకముందే అందరికీ బిగించి ఉంటుంది.

వేడర్లలో (నీటిలో నడవడానికి తొడుక్కునే, నీరు చొరని పొడవాటి తొడుగులు) నీరు నిండితే రాయిలా ముంచేస్తుందన్న భయం నిజం కాదు. నీటిలో నీటికి బరువు లేదు. కానీ ఈదడం కష్టమవుతుంది, ఒడ్డెక్కడం ఇంకా కష్టం. నడుముకు బెల్టు బిగిస్తే నీరు లోపలికి తొందరగా పోదు. పడినప్పుడు వెల్లకిలా తేలి, కాళ్లు దిగువకు, వేళ్లు నీటిపైకి పెట్టాలి. మోకాలికి మించిన వడి నీటిలో నిలబడే ప్రయత్నం చేస్తే పాదం రాళ్లలో ఇరుక్కుని నీరే తలను కిందికి అణచేస్తుంది. ఒక్క చెట్టు ఎదురైనప్పుడే ఈ పద్ధతి మార్చాలి: తప్పించుకోలేమని తేలితే బోర్లా తిరిగి, తల ముందుపెట్టి దానివైపే ఈది, మాను మీదికి ఎగబాకాలి.

అదే లాగుడుతో వేట

ఇప్పుడు గాలం. ప్లగ్గులను (చేప ఆకారంలో ఉండి నీటిలో ఆడే కృత్రిమ ఎరలు) పడవ ముందు నలభై, యాభై అడుగుల దూరానికి వదిలి, పడవను నీటికంటే నెమ్మదిగా దిగనిస్తే, నీటి ఒత్తిడికి అవి మునిగి ఆడుతూ, అంగుళం అంగుళం చొప్పున చేప మీదికి జరుగుతాయి. చేప కాస్త వెనక్కి తగ్గుతుంది, మళ్లీ తగ్గుతుంది, చివరికి విసిగి కొడుతుంది. ఇక్కడ గాలపు కర్ర పట్టినవారు చేసేదేమీ లేదు, వేట అంతా తెడ్లదే. ఒక్కసారి లాగడం మానితే దారం సడలి ప్లగ్గు పైకి తేలుతుంది. ఉప్పుపట్టిన చేప జనను కొద్దిపాటి సీసంతో పక్కకు విసిరి నీటితోపాటు పోనిచ్చే సైడ్ డ్రిఫ్టింగ్‌లో మాత్రం పడవ, ఎర ఒకే వేగంతో సాగాలి; అక్కడ లాగుడు తేలికగా, ఎడతెగకుండా ఉంటుంది.

చేప దగ్గరికి వచ్చాక వీపు మీద, తోకకు ముందు ఉండే చిన్న కొవ్వు రెక్కను చూడండి. అది కత్తిరించి, గాయం మానిన మచ్చ ఉంటే హేచరీ (చేపపిల్లల పెంపక కేంద్రం) చేప. ఉంచుకోవచ్చు, వెంటనే పట్టిన చేపల వివరాలు రాసే కార్డులో నమోదు చేయాలి. రెక్క ఉంటే నదిలో సహజంగా పుట్టిన చేప. నీటిలో ఉంచే గాలం తీసి వదిలేయాలి. సియాటిల్ వైపునుంచి చదువుతున్నవారికి ఒక హెచ్చరిక: వాషింగ్టన్ తీరపు నదులలో 2020 డిసెంబరులో తెచ్చిన నిబంధనలు పడవలో కూర్చుని గాలం వేయడాన్నే నిషేధించాయి, ఆ తర్వాత సీజన్ సీజన్‌కూ మారుతూ వచ్చాయి. బయలుదేరే రోజు ఉదయం ఆ రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖవారి ప్రకటన చూడకుండా వెళ్లవద్దు.

అభ్యాసం

తర్వాతి పాఠం వరకు గాలపు కర్రలు ఇంట్లోనే ఉంచండి. ముందు కదలని నీటిలో, వెనక్కి లాగుతూ తిన్నగా పోవడం సాధించండి. ఆ తర్వాత అనుభవమున్న ఒకరిని వెంటబెట్టుకుని, విల్సన్ దిగువన మిల్స్ బ్రిడ్జి నుంచి సోలీ స్మిత్ బ్రిడ్జి వరకు దిగండి; ఎగువనున్న జోరుల జోలికి ఇప్పుడే పోవద్దు. నడక వేగపు నీటిలో ఒడ్డున ఒక చెట్టును గుర్తు పెట్టుకుని, దాని ఎదుటనుంచి జరగకుండా ఒక నిమిషం నిలవండి. నిలవగలిగాక కోణం పెట్టి, ఒక్క అడుగు కూడా దిగువకు పోకుండా అవతలి ఒడ్డు చేరండి, అలాగే తిరిగి రండి. అది రెండు దిక్కులా సమానంగా రావాలి. చాలామందికి కుడి చేతి బలం వల్ల ఒకవైపే కుదురుతుంది, కుదరని వైపు ఎక్కువసేపు చేయండి. నాలుగో పాఠంలో ట్రైలరు నుంచి పడవ దింపడం, రెండు కార్ల ఏర్పాటు, జన ఉప్పుపట్టే పద్ధతి చూద్దాం.