చిన్న హాల్లో బాస్ శుభ్రంగా వినిపించాలంటే ఏం చేయాలి?

బరంపురం ఠాకురాణి యాత్రలోనో, పెళ్లి ఊరేగింపులోనో పెద్ద బాక్సుల మోత విని, ఇంటికీ 15 అంగుళాల వూఫరే, అంటే బాస్ అనే లోతైన గుమ్మనే శబ్దాన్ని పలికించే స్పీకరే, కావాలని పట్టుబట్టేవాళ్లు మన పర్లాకిమిడి వైపు చాలామందే ఉన్నారు. ఆరుబయట శబ్దం అలా సాగిపోతుంది. హాల్లో గోడకు తగిలి వెనక్కి వస్తుంది. కాబట్టి డబ్బు తీసేముందు టేపు తీయండి.

హాలు పొడవును అడుగుల్లో కొలిచి, 565ని ఆ అంకెతో భాగించండి. 12 అడుగులైతే దాదాపు 47 హెర్ట్జ్ వస్తుంది, అంటే సెకనుకు 47 సార్లు కంపించే లోతైన స్వరం. ఆ స్వరం ఎదురెదురు గోడల దగ్గర గుమ్మని మోగుతుంది, గది నడిమధ్యలో బాగా తగ్గిపోతుంది. వెడల్పుకూ ఇదే లెక్క. రెండూ సమానమైన చదరపు గదిలో ఈ తేడా ఇంకా ఎక్కువ.

ఇక సైజు. బాస్ అంటే గాలిని నెట్టడమే. 80 హెర్ట్జ్ బదులు 40 హెర్ట్జ్‌ను అంతే గట్టిగా పలికించాలంటే నాలుగింతల గాలిని కదపాలి. 12 అంగుళాల వూఫర్ కోన్ (ఊగుతూ గాలిని నెట్టే భాగం) వైశాల్యం 8 అంగుళాల దానికి రెండింతలకు పైనే, అందుకే అది తక్కువ ఊగి ఆ పని చేసేస్తుంది. కానీ చిన్న గదిలో గోడలే బాస్‌ను పెంచుతాయి. 10×12 హాలుకు 8 అంగుళాలది చాలనే నేను గట్టిగా చెబుతాను.

అసలు పని వూఫర్‌కు చోటు వెతకడం. దాన్ని మీరు రోజూ కూర్చునే కుర్చీలోనే పెట్టి, బాస్ గిటార్ మెట్టు మెట్టుగా దిగే పాట ఏదైనా వేయండి. మీరు నేలకు వంగి, గోడ వెంబడి మెల్లగా తిరగండి. మూలకు వెళ్తే అన్నీ ఉబ్బిపోతాయి. రెండడుగులు జరిగితే ఏదో ఒక స్వరం సన్నబడుతుంది. అన్ని స్వరాలూ సమానంగా వినిపించిన చోట ఆగండి, వూఫర్ అక్కడే పెట్టాలి. ఓపికగా చేయండి, పైసా ఖర్చు లేకుండా ఇంత తేడా తెచ్చే పని ఇంకోటి లేదు. మూలలో పెట్టక తప్పకపోతే వూఫర్ నాబ్ తగ్గించండి.

తర్వాత చప్పట్లు కొట్టి చూడండి. ఉత్త స్లాబు, టైల్స్ గదిలో అది టకటకమని తిరిగొస్తుంది. మందపాటి కర్టెన్, గోడకు ఒక బొంత వేలాడదీస్తే ఆ టకటక తగ్గి, మాటలు తేటగా వినిపిస్తాయి. బాస్ మాత్రం కర్టెన్‌కు లొంగదు, 47 హెర్ట్జ్ అల పొడవు ఏడు మీటర్లకు పైమాటే.

పక్కింటితో గోడ కలిసి ఉంటే, వూఫర్‌ను ఆ గోడకు ఆనించకుండా కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి.