స్టీరింగ్ జిగటెక్కిందా? ఎండల్లో శుభ్రం చేసే ముందు ఇవి చూసుకోండి

ఎండలు ముదిరాక స్టీరింగ్ పట్టుకుంటే వేళ్లు అతుక్కుంటున్నాయంటే కారణం రెండిట్లో ఒకటి. పైన మురికి పేరుకుని ఉండాలి, లేదా స్టీరింగ్ పైపొరే చెడి మెత్తబడుతూ ఉండాలి. మొదటిది సబ్బునీళ్లతో పోతుంది, రెండోది ఎంత కడిగినా పోదు. చిక్కేమిటంటే, మొదటి రకం జిగటకు ఘాటైన ద్రావకం వాడితే అది రెండో రకంగా మారుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఏ రకమో తేల్చుకోవడానికి కూడా గోరే చాలు. బండిని నీడలో పెట్టి, స్టీరింగ్ పూర్తిగా చల్లారాక, రిమ్ కింది భాగంలో వెనక వైపు గోరు ఆనించి మెల్లగా నొక్కండి. గుర్తు అలాగే నిలిచిపోతే పైపొర పాడైందని అనుకోవచ్చు. తర్వాత తెల్లగుడ్డ తడిపి అక్కడే తుడవండి. గోధుమరంగు మురికి వచ్చి, నాలుగైదు తుడుపులకు తగ్గిపోతే అది చెమట, చర్మపు నూనె, దుమ్ము. ఎంత తుడిచినా స్టీరింగ్ రంగే గుడ్డకు దిగుతుంటే అక్కడితో ఆపేయండి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. చేతులు పట్టుకునే చోట మాత్రమే జిగటగా ఉంటే మురికి కావచ్చు. చెయ్యి తగలని మూలల్లో కూడా అతుక్కుంటుంటే పదార్థం చెడినట్టే.

తోలు చుట్టిన స్టీరింగ్ అని మనం అనుకునేదాంట్లో కూడా సాధారణంగా చేతికి తగిలేది తోలు కాదు, దాని మీద వేసిన పలచని పాలియురేథేన్ పూత. ఏళ్ల తరబడి వేడి, తేమ, చేతి నూనె కలిసి పనిచేస్తే ఆ పూత అణువుల గొలుసులు తెగిపోయి బంకలా తయారవుతుంది. రెక్సిన్‌దైతే దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ వేడికి పైకి ఊరి జిడ్డుగా తేలుతుంది. వీటికి తోడు సన్‌స్క్రీన్ లోషన్, హ్యాండ్ శానిటైజర్. శానిటైజర్‌లో ఆల్కహాల్ ఆవిరైపోయినా గ్లిజరిన్, జెల్ పదార్థం మిగిలిపోతాయి. గ్లిజరిన్ గాలిలో తేమను పీల్చుకునే రకం, కాబట్టి ఆ చోటు ఆరినట్టే ఉండి మళ్లీ జిగటెక్కుతుంది.

ఇక శుభ్రం చేయడం. ఎండలో నిలిపిన కారులో ఈ పని మొదలుపెట్టకండి. వేడి రిమ్ మీద సబ్బునీళ్లు తుడిచేలోపే ఆరిపోయి చారలు కడతాయి, ఆ సబ్బు పొరే రేపటి జిగట. తెల్లవారుజామునో పొద్దు వాలాకో, తలుపులు తెరిచి, ఇంజన్ ఆపి చేయండి. ఇంజన్ ఆపినా చాలా కార్లలో హారన్ పనిచేస్తూనే ఉంటుంది, మధ్యలో గట్టిగా నొక్కితే చుట్టుపక్కల వాళ్లంతా లేస్తారు.

అర లీటరు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లగుణం, క్షారగుణం రెండూ లేని) కార్ షాంపూ చాలు. ఎక్కువ వేస్తే మురికి ఎక్కువ పోదు, సబ్బు కడగడమే అదనపు పని అవుతుంది. మూడు మైక్రోఫైబర్ గుడ్డలు పెట్టుకోండి: ఒకటి సబ్బునీళ్లకు, ఒకటి మంచినీళ్లకు, ఒకటి పొడిది. గుడ్డను ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండండి. నీళ్లయినా క్లీనరయినా స్టీరింగ్ మీద నేరుగా స్ప్రే చేయవద్దు. ఆడియో, క్రూజ్ బటన్ల సందుల్లోంచి తడి లోపలికి దిగితే స్విచ్‌లు పాడవుతాయి. మధ్య మూత వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాని అంచుల్లో స్క్రూడ్రైవర్ పెట్టి మురికి గీకడం, మూత ఊడదీయడం అసలు వద్దు.

రిమ్‌ను ఒకేసారి కాకుండా జానెడు జానెడుగా తుడవండి. ముందు సబ్బు గుడ్డ, వెంటనే మంచినీళ్ల గుడ్డ, ఆపై పొడి గుడ్డ. గుడ్డ మురికైన ప్రతిసారీ మడత మార్చండి, లేకపోతే ఒకచోటి జిడ్డు ఇంకోచోటికి పులుముతున్నట్టే. కుట్ల దగ్గర మెత్తని టూత్‌బ్రష్‌ను సబ్బునీళ్లలో ముంచి, విదిలించి, కుట్టు వెంట నడపండి, అడ్డంగా రుద్దితే దారం పోగులు లేస్తాయి. జిగట మిగిలితే రెండోసారి ఇదే చేయండి తప్ప బలం పెంచకండి. స్వేడ్‌లాంటి నూగు ఉన్న స్టీరింగ్‌కు ఈ పద్ధతి కాదు. దాన్ని ముందు మెత్తని బ్రష్‌తో పొడిగా దులిపి, ఆ తర్వాత దాదాపు పొడిగా పిండిన గుడ్డతో తుడవాలి.

థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ పూతను కరిగిస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జిడ్డును చిటికెలో తీస్తుంది నిజమే, కానీ పదే పదే వాడితే తోలు పైపూతను కూడా తీసేస్తుంది. దాని ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది కూడా, తలుపులు మూసిన వేడి కారులో వాడటం ప్రమాదం. మరకలు పోగొట్టే తెల్లని మెలమైన్ స్పాంజి నిజానికి సన్నని గరుకు కాగితం లాంటిది. కొబ్బరినూనె, వాజ్‌లైన్, డ్యాష్‌బోర్డు పాలిష్ పూస్తే స్టీరింగ్ మెరుస్తుంది, మలుపులో చెయ్యి జారుతుంది. జిగట మీద పౌడరు చల్లితే మిగిలేది ముద్ద.

తుడిచాక పావుగంట తలుపులు తెరిచి ఆరనివ్వండి, తడి రిమ్‌తో బండి కదిలించకండి. ఆ తర్వాత వారానికోసారి తడిగుడ్డ తుడుపు చాలు. శానిటైజర్ రాసుకుంటే చేతులు పూర్తిగా ఆరాకే స్టీరింగ్ పట్టుకోండి. ఎండలో నిలపక తప్పనప్పుడు అద్దానికి సన్‌షేడ్ పెట్టండి, అది లేకపోతే రిమ్ మీద లేతరంగు నూలు తువ్వాలు కప్పండి. క్లీనర్ స్ప్రే డబ్బాను కారులో వదలకండి, అలాంటి ఏరోసాల్ డబ్బాల మీద 50 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వొద్దని రాసి ఉంటుంది, ఎండలో మూసిన కారు ఆ వేడిని సులువుగా అందుకుంటుంది.

గోరు గుర్తు నిలిచిపోయిన స్టీరింగ్‌కు తొడుగు వేసి దాచేద్దామనిపిస్తుంది. చవక తొడుగుల లోపలి రబ్బరు వేడికి కరిగి రిమ్‌కు అంటుకుంటుంది, పట్టు లేని తొడుగు నడుపుతుండగా తిరిగిపోతుంది. దానికన్నా కొత్త తోలు చుట్టించడం మేలు. అందుకు స్టీరింగ్ విప్పాల్సి వస్తే ఎయిర్‌బ్యాగ్ పని తెలిసిన మెకానిక్‌తోనే, బ్యాటరీ కనెక్షన్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి విప్పించండి.