వార్డు పోస్టింగుకు ముందే హెపటైటిస్ బి టీకా

నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరి మొదటిసారి వార్డుకు వెళ్లబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. యూనిఫాం కుట్టించుకునే హడావుడిలో రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌కు టీకా సంగతి మరిచిపోకండి. మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది వేస్తారు. పోస్టింగు తేదీ చెప్పాక మొదలుపెడితే టైం చాలదు. మధ్యలో డోసు తప్పినా మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, ఆగిన చోటునుంచి వేయించుకోవచ్చు. 1997లో మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకా తెచ్చాక ధర బాగా దిగివచ్చింది. ఖర్చని వాయిదా వేయకండి.

మూడు డోసులు పడ్డాయి కదా అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. నెల, రెండు నెలల్లో యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్ (టీకాతో రక్షణ వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోవాలి. 10 mIU/mL గానీ ఆపైన గానీ వస్తే రక్షణ ఉన్నట్టే. తక్కువొస్తే డాక్టరుకు చూపించి మళ్లీ టీకాలు వేయించుకోవాలి. ఆ రిపోర్టు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి.

సూది గుచ్చుకుంటే అందరికీ హెచ్‌ఐవీ టెన్షనే. కానీ హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూదితో అది సోకే అవకాశం సుమారు 0.3 శాతం. హెపటైటిస్ బి ఉన్న రోగి సూదితో టీకా లేనివాళ్లకు అది 30 శాతం దాకా సోకవచ్చు. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ వారం రోజులు బతుకుతుంది.

వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టొద్దు. నీడిల్ కట్టర్ మంచం దగ్గరికే తీసుకెళ్లండి. ముక్కలు తెల్ల డబ్బాలోనే పడాలి, అది ముప్పావు నిండగానే మార్చాలి. దుప్పటి మడతలో మీరు మరిచిన సూది ఆయమ్మ చేతికి గుచ్చుకుంటుంది. ఆమెకు టీకా వేశారా అని ఎవరూ అడగరు. మీరు అడగండి. ఆసుపత్రి వ్యర్థాలు ఎత్తేవాళ్లకు ఈ టీకా వేయించాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది.

గుచ్చుకుంటే వేలు నొక్కి రక్తం పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బు, నీళ్లతో కడగండి. కంట్లో చిందితే మంచినీళ్లతో బాగా కడగండి. తిడతారని దాచకుండా వెంటనే సిస్టర్ ఇన్‌చార్జికి చెప్పండి. రోగి రక్తం పరీక్షకు పంపాలి, మీ టైటర్ చూడాలి. రోగికి హెపటైటిస్ బి ఉన్నా, ఉందో లేదో తెలియకపోయినా, టీకా లేనివాళ్లకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్), టీకా మొదటి డోసు వీలైతే 24 గంటల్లోపే పడాలి. నైట్ డ్యూటీలో జరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అన్ని ఆసుపత్రుల్లో ఉండదు, బయటినుంచి తెప్పించడానికే గంటలు పట్టొచ్చు.