పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్తున్నారా? దుబాయ్‌లో విమానం మారడం ఇలా

బెజవాడలో గానీ గుంటూరులో గానీ ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. వీసా వచ్చేదాకా ఒక టెన్షన్, వచ్చాక ఇంకోటి. "మధ్యలో దుబాయ్‌లో దిగి వేరే విమానం ఎక్కాలంట, మాకు ఇంగ్లిష్ రాదు, తప్పిపోతే ఎలా?" అంటారు. ఎయిర్‌పోర్టులో దారి పట్టుకోవడానికి ఇంగ్లిష్ మాట్లాడటం రానక్కర్లేదు, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు గుర్తుపడితే చాలు. పది ప్లాట్‌ఫారాలున్న విజయవాడ జంక్షన్‌లో బండి నంబరు చూసుకుని ఎక్కేవాళ్లు దుబాయ్‌లో కూడా ఎక్కగలరు, పని అదే.

ముందు తేదీ చూసుకోండి. శంషాబాద్ నుంచి గల్ఫ్ వైపు వెళ్లే విమానాలు చాలా అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. టికెట్టు మీద 12వ తేదీ 04:20 అని ఉంటే 11వ తేదీ రాత్రికే మీరు ఎయిర్‌పోర్టులో ఉండాలి, అంటే ఇంట్లోంచి 11 సాయంత్రమే కదలాలి. క్యాలెండర్‌లో 12 మీద కాదు, 11 మీద గుండ్రంగా గీత గీసి పెట్టుకోండి.

విజయవాడ నుంచి కారులో అయితే 65వ నంబరు హైవే మీద కోదాడ, సూర్యాపేట, చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి, సిటీ ట్రాఫిక్‌తో పని లేకుండా శంషాబాద్ చేరతారు. గుంటూరు వాళ్లు పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా వచ్చి నార్కట్‌పల్లి దగ్గర ఇదే రోడ్డులో కలవచ్చు. ఐదారు గంటలు పడుతుంది, దారిలో భోజనానికీ టోల్ గేట్లకీ ఇంకో గంటన్నర కలుపుకోండి. సంక్రాంతి రోజుల్లో పంతంగి టోల్ దగ్గర గంటల తరబడి ఆగిపోతుంది కాబట్టి ఆ వారంలో ప్రయాణమైతే ముందురోజే హైదరాబాద్ చేరి చుట్టాలింట్లో పడుకోవడం నయం. గన్నవరం నుంచి హైదరాబాద్‌కి విమానంలో వెళ్దామనుకునే వాళ్లు ఒకటి గమనించండి: ఆ టికెట్టు విడిగా కొంటే దేశంలో తిరిగే విమానాలకు సాధారణంగా 15 కిలోలే ఉచితం, మీ దగ్గరేమో అమెరికా లెక్కన 46 కిలోలుంటాయి. పైగా శంషాబాద్‌లో సామాను తీసుకుని మళ్లీ ఇంకో కౌంటర్‌లో ఇవ్వాలి. రెండూ ఒకే టికెట్టు మీద ఉంటేనే అది సుఖం.

ఇక సామాను. అమెరికాకి సాధారణంగా మనిషికి 23 కిలోల బ్యాగులు రెండు, చేతిలో 7 కిలోల బ్యాగు ఒకటి. మీ టికెట్టు మీద ఏది రాసి ఉంటే అదే లెక్క. ఆవకాయ, గోంగూర, నెయ్యి అన్నీ పెద్ద బ్యాగుల్లోకే వెళ్లాలి, 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం, ముద్ద, నూనె ఏదైనా చేతి బ్యాగులో ఆపేస్తారు. పచ్చళ్ల షాపులో "అమెరికాకి" అంటే చాలు, కారకుండా సీల్ చేసి ఇస్తారు, ఇంట్లో పెట్టిన పచ్చడైనా అలాగే గట్టిగా ప్యాక్ చేయించండి. దారిలో తినడానికి పులిహోర డబ్బా పర్వాలేదు, పెరుగు డబ్బా వద్దు. గుంటూరు కారం కూడా పెద్ద బ్యాగులోనే. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులు చేతిలో ఉంటే విప్పి చూస్తారు, తీసేసే అవకాశమూ ఉంది.

కొన్నిటిని అసలు తీసుకెళ్లకూడదు. గసగసాలు యూఏఈలో, అంటే దుబాయ్ ఉన్న దేశంలో నిషేధం, అక్కడ అది మాదకద్రవ్యాల కేసు అవుతుంది. మసాలా పొట్లంలో చిన్న కాగితం చుట్టి పెట్టినా సరే, తీసేయండి. ఎండు కొబ్బరిని చెకిన్ బ్యాగులో, అంటే కౌంటర్‌లో ఇచ్చే పెద్ద బ్యాగులో పెట్టనివ్వరు, నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకుంటుందని 2022లో నిషేధించిన వస్తువుల జాబితాలో చేర్చారు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, పచ్చి కరివేపాకు రెమ్మలు, పండ్లు అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. కరివేపాకు పొడి చేసి పట్టుకెళ్లండి, పని జరిగిపోతుంది. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం చేతి బ్యాగులో, షీట్లతో సహా, డాక్టర్ చీటీతో ఉండాలి. పవర్ బ్యాంక్ కూడా చేతిలోనే, పెద్ద బ్యాగులో పెట్టకూడదు. దుబాయ్ విమాన సంస్థ ఎమిరేట్స్ వాళ్లయితే 2025 అక్టోబర్ నుంచి విమానంలో దాన్ని వాడనివ్వడం లేదు, కాబట్టి ఫోను ముందే నిండా చార్జ్ చేసుకోండి.

శంషాబాద్‌లో గేటు దగ్గర పాస్‌పోర్టు, టికెట్టు చూపిస్తే లోపలికి పంపిస్తారు. సాగనంపడానికి వచ్చినవాళ్లు బయటే ఆగిపోవాలి, అందుకని పాస్‌పోర్టులు, కాగితాలు కారులోనే మీ చేతికి తీసుకోండి. చెకిన్ కౌంటర్‌లో పెద్ద బ్యాగులు తూకం వేసి, వాటి పిడికి ఒక పొడవాటి తెల్ల కాగితం చుడతారు. అక్కడ తొందరపడకండి, ఆ కాగితం ఒకసారి చూడండి. పెద్దక్షరాల్లో మూడు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. ఉదాహరణకి డల్లాస్ వెళ్లేవాళ్లకి డీఎఫ్‌డబ్ల్యూ (DFW) ఉండాలి. దుబాయ్ కోడ్ డీఎక్స్‌బీ (DXB) ఒక్కటే కనిపిస్తే బ్యాగు దుబాయ్‌లో ఆగిపోతుంది, వెంటనే "డల్లాస్, డల్లాస్" అని వేలు పెట్టి చూపించండి. మీకిచ్చే చిన్న స్టిక్కర్లు బ్యాగుకొకటి చొప్పున ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని పాస్‌పోర్టు కవర్‌లో దాచండి. విమానం ఎక్కేటప్పుడు చూపించే బోర్డింగ్ పాస్‌లు కూడా రెండిస్తారు, ఒకటి దుబాయ్ దాకా, ఒకటి డల్లాస్ దాకా. రెండో దాని మీద గేటు నంబరు ఖాళీగా ఉంటుంది, కంగారుపడకండి, అది దుబాయ్‌లో బోర్డు మీద వస్తుంది.

ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్, అంటే పాస్‌పోర్టు తనిఖీ, ఆపైన సెక్యూరిటీ. చేతి బ్యాగు, ఫోను, బెల్టు ట్రేలో పెట్టాలి. ఇక్కడ మనవాళ్లే ఉంటారు, తెలుగులోనో హిందీలోనో అడిగేయొచ్చు.

దుబాయ్‌లో దిగగానే ముందు గడియారం సరిచేసుకోండి. అక్కడి టైము మనకంటే గంటన్నర వెనక. మన టైము ఆరు అయితే అక్కడ నాలుగున్నర. బోర్డింగ్ పాస్ మీద ఉన్నది అక్కడి టైమే, చేతి గడియారం మార్చకపోతే లెక్కంతా తప్పుతుంది. దిగినవాళ్లలో సగం మంది దుబాయ్‌లోనే ఆగిపోయేవాళ్లు, వాళ్ల వెంట నడిస్తే నేరుగా అక్కడి పాస్‌పోర్టు క్యూలోకి, సామాను బెల్టు దగ్గరికి వెళ్తారు. జనం ఎటు పోతున్నారో చూడొద్దు, పైన వేలాడే బోర్డు చూడండి. కనెక్షన్స్ అనో ట్రాన్స్‌ఫర్స్ అనో రాసి ఉన్న వైపు మీది. ఆ రెండు మాటలూ ఇంగ్లిష్‌లో ఎలా ఉంటాయో పిల్లల చేత ఒక కాగితం మీద పెద్దగా రాయించుకోండి, బోర్డుతో పోల్చి చూసుకోవచ్చు. పెద్ద బ్యాగుల సంగతి ఇక్కడ మర్చిపోండి, అవి వాటంతటవే రెండో విమానంలోకి వెళ్తాయి.

మళ్లీ ఒక సెక్యూరిటీ తనిఖీ అయ్యాక పెద్ద పెద్ద టీవీ తెరలు కనిపిస్తాయి. అందులో ఊరు పేరు కాదు, విమానం నంబరు వెతకండి. దాని పక్కన ఏ, బీ, సీల్లో ఒక అక్షరం, అంకె ఉంటాయి. ఎమిరేట్స్ వాళ్ల మూడో టెర్మినల్‌లో ఆ అక్షరం ఏ భాగమో చెబుతుంది, అంకె ఏ గేటో చెబుతుంది. ఏ, బీల మధ్య రైలు తిరుగుతుంది, టికెట్టు అక్కర్లేదు, ఎక్కి దిగడమే. ఇక్కడ చాలామందికి తెలియని విషయం, దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఫలానా విమానం బయల్దేరుతోంది రండి అని మైకులో పిలవరు. మన స్టేషన్‌లో లాగా అనౌన్స్‌మెంట్ వస్తుందిలే అని కుర్చీలో కునుకు తీశారో, విమానం వెళ్లిపోతుంది. ముందు గేటు దగ్గరికి వెళ్లి అది ఎక్కడుందో కళ్లారా చూసి, ఆ తర్వాతే కాఫీ, బాత్రూం, షాపులు. గంటకోసారి తెర చూస్తూ ఉండండి, గేటు మారితే అందులోనే తెలుస్తుంది. బయల్దేరడానికి 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. అమెరికా విమానాలకి గేటు దగ్గర ఇంకోసారి తనిఖీ ఉండొచ్చు కాబట్టి గంటన్నర ముందే అక్కడ కూర్చోండి.

ఫ్రీ వైఫై ఉంది. కానీ వాట్సాప్ కాల్ సాధారణంగా అక్కడ కలవదు, యూఏఈలో ఆపి ఉంచారు. వాయిస్ మెసేజ్ వెళ్తుంది, "చేరాం, గేటు బీ 12" అని ఒక్క మాట పెట్టండి. ఈ సంగతి పిల్లలకీ ముందే తెలిసి ఉండాలి, లేకపోతే అమ్మ ఫోను ఎత్తట్లేదని వాళ్లు అక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటారు.

వీల్‌చైర్ గురించి నా అభిప్రాయం చెబుతాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటపడకండి, దుబాయ్‌లో నడక చాలా ఉంటుంది, టికెట్టు కొన్నప్పుడే చెబితే ఉచితంగా ఇస్తారు. చక్కగా నడవగలిగి, కేవలం దారి తెలియదని మాత్రం అడగకండి. నిజంగా నడవలేని పెద్దావిడ కుర్చీ కోసం అరగంట ఎదురుచూడాల్సి వస్తుంది. వీల్‌చైర్ తీసుకున్నా పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ మీ దగ్గరే ఉంచుకోండి. కుర్చీ తోసేవాళ్లు ఎక్కడైనా కూర్చోబెట్టి వెళ్తే మీ గేటు టైము మీరే చూసుకుంటూ, అక్కడి యూనిఫాం వాళ్లకి చూపిస్తూ ఉండాలి.

భోజనం కనీసం ఒక రోజు ముందు చెప్పి ఉంచాలి. శాకాహారులు పేరు చూసి హిందూ మీల్ పెట్టించుకోకండి, అందులో మాంసం ఉంటుంది, గొడ్డు మాంసం మాత్రం ఉండదు. ఏషియన్ వెజిటేరియన్ లేదా ఇండియన్ వెజిటేరియన్ అని అడగాలి. డల్లాస్‌కి దాదాపు 16 గంటలు, మధ్య మధ్యలో లేచి నడవండి, నీళ్లు అడిగి తాగండి.

డల్లాస్‌లో దిగాక ఆఫీసర్ ఎందుకొచ్చారు, ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లు అని అడుగుతారు, వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. పిల్లల అడ్రసు, ఫోను నంబరు, తిరుగు టికెట్టు కాగితం మీద ఉంచుకోండి. ఫోను చార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది. ప్రశ్న అర్థం కాకపోతే తలూపకండి, "తెలుగు" అనండి, ఫోనులో తెలుగు వాళ్లని పెట్టి మాట్లాడించే ఏర్పాటు ఉంటుంది. తినేవి ఏమున్నాయి అంటే పచ్చళ్లు, పొడులు, స్వీట్లు అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్తే మహా అయితే ఒక ప్యాకెట్ తీసేస్తారు, దాస్తే జరిమానా.

డల్లాస్ నుంచి ఇంకో ఊరు వెళ్లేవాళ్లకి చివరి మాట: మీ బ్యాగు స్టిక్కర్ మీద చివరి ఊరు పేరే ఉన్నా, అమెరికాలో మొదట దిగిన చోట బ్యాగులు బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటాక అక్కడే ఉన్న కౌంటర్‌లో మళ్లీ ఇవ్వాలి. బ్యాగు రాకపోతే మాత్రం ఆ హాలు వదిలి బయటికి రావద్దు, స్టిక్కర్లు చూపించి అక్కడే ఫిర్యాదు రాయించి, వాళ్లిచ్చే కాగితం తీసుకునే రండి.