పికప్ ట్రక్కు సస్పెన్షన్‌ను అనుభవజ్ఞుల సాయంతో మార్చుకోవడం ఎలా?

తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి గతుకుకూ ఎగిరిపడుతూ, సరుకు వేయగానే వెనుక భాగం కుంగిపోయి ముందు దీపాలు చెట్ల కొమ్మలను చూసే పికప్‌కు సస్పెన్షన్ మార్చాలన్న ఆలోచన ఏదో ఒక రోజు రాక తప్పదు. ఈ పనిలో చాలా భాగం చేతి పనిముట్ల మీద కొంత అలవాటు ఉన్నవారు తమ ఇంటి ఆవరణలోనే చేసుకోగలరు. అయితే ఇందులో ప్రాణాలకు ముప్పు తెచ్చేవీ, తప్పు జరిగినా వెంటనే బయటపడనివీ కొన్ని ఘట్టాలు ఉన్నాయి. ఇలాంటి పని ముందే నాలుగైదు సార్లు చేసిన మనిషి పక్కన ఉండవలసింది ముఖ్యంగా ఆ ఘట్టాల కోసమే. చాలామంది అలాంటి మనిషిని బోల్టు ఊడిరానప్పుడు పిలుస్తారు. నా దృష్టిలో ఆయనను పిలవవలసిన సమయం సామాను కొనకముందే.

మొదట బరువు లెక్క తేల్చుకోవాలి

సలహా అడిగేటప్పుడు ‘మంచి సస్పెన్షన్ ఏది?’ అని అడిగితే ఉపయోగపడే జవాబు రాదు. బండి వారంలో ఎన్ని రోజులు ఖాళీగా తిరుగుతుంది, ఎన్ని రోజులు ఎన్ని కిలోల బరువు మోస్తుంది, వెనుక ట్రైలర్ లాగుతుందా, ముందు ఇనుప బంపర్, వించ్ వంటివి బిగించి ఉన్నాయా అన్న వివరాలు కాగితం మీద రాసుకుని వెళ్లాలి. ఎప్పుడూ 300 కిలోల పనిముట్లు మోసే బండికి సరిపోయే కమాన్ కట్టలను (ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన వెనుక స్ప్రింగులను), నెలకు ఒక్కసారి మాత్రమే బరువు ఎక్కించే బండికి వేస్తే మిగిలిన రోజులన్నీ నడుము పట్టేసే ప్రయాణమే మిగులుతుంది.

ఇక్కడే ఒక అపోహను తొలగించుకోవాలి. షాక్ అబ్జార్బర్లు బరువును మోయవు. అవి స్ప్రింగు ఊగడాన్ని అదుపు చేస్తాయి, అంతే. బరువు వేస్తే వెనుక కుంగడమే మీ సమస్య అయితే కొత్త షాకులు ఎంత ఖరీదైనవి కొన్నా ప్రయోజనం ఉండదు, కమాన్ కట్ట మార్చాలి లేదా దానికి ఒక పట్టీ జోడించాలి. బండి ఎత్తు బాగానే ఉండి, గతుకు దాటిన తర్వాత రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఊగుతూ ఉంటే, లేదా షాక్ ఒంటి మీద తడిగా ఆయిల్ జాడ కనిపిస్తే, షాకులు మారిస్తే సరిపోతుంది. నెలకు ఒకటి రెండు సార్లే బరువు మోసే బండికి గాలి నింపే సంచులు నయం, ఎందుకంటే ఖాళీగా ఉన్నప్పుడు గాలి తగ్గించుకోవచ్చు.

ఎంత గట్టి స్ప్రింగులు వేసినా, తయారీదారు నిర్ణయించిన మొత్తం బరువు పరిమితి మాత్రం పెరగదు. ఆ పరిమితిని స్ప్రింగులతో పాటు ఇరుసు, బ్రేకులు, టైర్లు, చక్రాల బేరింగులు, ఛాసిస్ కలిసి నిర్ణయిస్తాయి. వెనుక కుంగడం లేదు కదా అని అదనంగా మరో నాలుగు బస్తాలు వేయడం, హెచ్చరికను కనపడకుండా చేసుకుని ప్రమాదాన్ని అలాగే ఉంచుకోవడం అవుతుంది.

ఎంత ఎత్తు లేపవచ్చు?

బండిని కొంత ఎత్తు లేపాలనుకుంటే సాధారణంగా 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగడం వివేకం. అంతకు మించితే చాలా పికప్‌లలో ముందు చక్రాలకు శక్తినిచ్చే సీవీ యాక్సిల్ కోణం, పై బాల్ జాయింట్ కోణం, బ్రేకు గొట్టాల పొడవు, వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం ఒకదాని వెంట ఒకటి సమస్యగా మారతాయి. అలైన్‌మెంట్‌ను, అంటే చక్రాల కోణాలను, మళ్లీ సరైన కొలతకు తేవడానికి చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే పై కంట్రోల్ ఆర్మ్‌లు కూడా మార్చవలసి వస్తుంది.

స్ట్రట్ (ముందు చక్రాల దగ్గర స్ప్రింగు, షాక్ కలిసి ఉండే భాగం) మీద స్పేసర్ అనే అదనపు ముక్క పెట్టి ఎత్తు పెంచాలనుకునేవారు మరో సంగతి గమనించాలి. స్ట్రట్ కింది ఆర్మ్‌కు చక్రం కంటే బాగా లోపలి వైపున బిగించి ఉంటుంది కనుక, 25 మిల్లీమీటర్ల స్పేసర్ చక్రం దగ్గర అంతకంటే చాలా ఎక్కువ ఎత్తు ఇస్తుంది, కొన్ని బండ్లలో దాదాపు రెట్టింపు. వెనుక ఇరుసుకూ కమాన్ కట్టకూ మధ్య దిమ్మలు పెట్టే పద్ధతి చవకైనదే కానీ, దిమ్మ మీద దిమ్మ పేర్చడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. ఎత్తు పెంచడానికి సంబంధించిన నిబంధనలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. వాటినీ, బీమా షరతులనూ సామాను కొనకముందే చూసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు రోజు

నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య బిందువు నుంచి నిలువుగా పైన మడ్‌గార్డు అంచు వరకు కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరులోని గాలి కొలతను మార్చేస్తుంది. మడ్‌గార్డు అంచు మీద చిన్న టేపు ముక్క అంటించి, దాని మీదే ఆ సంఖ్య రాసి ఉంచితే, మరునాడు జిడ్డు చేతులతో కాగితం వెతుక్కోవలసిన పని ఉండదు. ఆ సమయంలో ట్యాంకులో ఎంత ఇంధనం ఉందో, తొట్టిలో ఏముందో కూడా గుర్తు పెట్టుకోవాలి. తర్వాతి కొలత అదే స్థితిలో తీస్తేనే పోలికకు అర్థం ఉంటుంది.

ఊడదీయవలసిన ప్రతి బోల్టు మరలనూ తీగల బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా నాననివ్వాలి. బండికి చెందిన సర్వీస్ మాన్యువల్, టార్క్ రెంచ్ (బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్), బండి బరువుకు తగిన జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డంగా పెట్టే దిమ్మలు, కళ్లద్దాలు సిద్ధంగా ఉండాలి. బోల్టులు ఎంత బిగించాలో ఈ వ్యాసంలో అంకెలు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. అవి బండిని బట్టీ, బోల్టు సైజును బట్టీ మారతాయి కనుక, మీ బండి మాన్యువల్‌లోనూ కొత్త సామానుతో వచ్చిన కాగితంలోనూ ఉన్నవే ప్రమాణం.

సాయానికి వచ్చినవారితో ముందే ఒక ఒప్పందం చేసుకోవాలి. జాకీ హ్యాండిల్ ఒక్కరి చేతిలోనే ఉండాలి, జాకీ కదులుతున్నప్పుడు బండి కింద ఎవరి చేయీ కాలూ ఉండకూడదు, ‘ఆపండి’ అని ఎవరు అన్నా కారణం అడగకుండా అందరూ ఆగిపోవాలి.

వెనుక కమాన్ కట్టలు

చదునైన గట్టి నేల మీద బండిని నిలిపి, ముందు చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, చక్రాల నట్లు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి. తర్వాత వెనుక భాగాన్ని లేపి, ఛాసిస్ కింద రెండు వైపులా స్టాండ్లు నిలిపి, ఇరుసు కింద విడిగా జాకీ పెట్టాలి. బండిని చేత్తో గట్టిగా ఊపి, స్టాండ్లు కదలడం లేదని నిర్ధారించుకున్న తర్వాతే చక్రాలు విప్పాలి.

ఒకసారికి ఒక వైపు మాత్రమే ఊడదీయాలి. రెండో వైపు కట్ట బిగించి ఉన్నంతసేపు ఇరుసు తన చోటు వదలదు. షాక్ అడుగు బోల్టు తీయగానే ఇరుసు ఇంకా కిందికి జారుతుంది. అప్పుడు సాయానికి వచ్చినవారి చూపు బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ, డిఫరెన్షియల్ గాలి గొట్టం మీద ఉండాలి. వాటిలో ఏది బిగుసుకున్నా జాకీని అక్కడే ఆపాలి. తర్వాత కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు విప్పి, కట్ట ముందు చెవిలోని (కొన దగ్గర చుట్టిన రింగులోని) బోల్టునూ, వెనుక కొనను ఛాసిస్‌కు కలిపే షాకిల్ బోల్టునూ తీయాలి. కట్ట బరువు చూసేవరకు తెలియదు. దానిని దించడానికి ఇద్దరు ఉండాలి.

కొత్త కట్టను ఎక్కించే ముందు దాని ముందు వైపు ఏదో, వెనుక వైపు ఏదో సరిచూసుకోవాలి. సెంటర్ బోల్టుకు రెండు వైపులా పొడవు సమానంగా ఉండకపోవచ్చు. కొన్ని బండ్లలో ఎడమ కట్టకూ కుడి కట్టకూ వంపులో తేడా కూడా ఉంటుంది. కట్ట అడుగున గుండ్రంగా పొడుచుకు వచ్చిన సెంటర్ బోల్టు తల, ఇరుసు మీది పీటలో ఉన్న రంధ్రంలో పూర్తిగా కూర్చోవాలి. కూర్చుందని అనిపించడం చాలదు, లైటు వేసి పక్క నుంచి చూడాలి. కట్టకూ పీటకూ మధ్య సన్నని వెలుతురు గీత కనిపిస్తే అది కూర్చోనట్టే. అలాగే బిగిస్తే ఇరుసు వంకరగా నిలిచి, బండి తిన్నగా వెళ్తున్నా వెనుక భాగం పక్కకు జరిగి నడుస్తుంది. రెండు వైపులూ పూర్తయ్యాక ముందు చెవి బోల్టు నుంచి ఇరుసు వరకు దూరం కొలిచి, రెండు కొలతలూ సమానమని చూసుకోవాలి.

పాత యూ బోల్టులను తిరిగి వాడకూడదు. బిగించినప్పుడు అవి సాగి పట్టు ఇస్తాయి, మరలు కూడా రూపు మారతాయి. రెండోసారి టార్క్ రెంచ్ సరైన అంకె చూపినా అసలు పట్టు తక్కువగా ఉండవచ్చు. కొత్త వాటి నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, నాలుగైదు విడతలుగా బిగించుకుంటూ పోవాలి. మరలకు నూనె రాయాలా వద్దా అన్నది కూడా కాగితంలో చూడాలి, ఎందుకంటే నూనె రాసిన మర అదే టార్క్‌కు మరింత గట్టిగా లాగుతుంది.

చెవుల బోల్టులను మాత్రం ఈ దశలో చేతి బిగువుతోనే వదిలేయాలి. ఇది నేను స్వయంగా చేసిన తప్పు కనుక కొంచెం వివరంగా చెబుతాను. మొదటిసారి కట్టలు మార్చినప్పుడు, ఇరుసు గాలిలో వేలాడుతుండగానే అన్ని బోల్టులూ పూర్తిగా బిగించాను. రెండు వారాలు గడిచేసరికి ప్రతి గుంతకూ కిర్రుమనే శబ్దం మొదలైంది, బండి అనుకున్నదానికంటే ఎత్తుగా నిలిచింది. ఈ పనిలో తలపండిన ఒక మెకానిక్ కింద పడుకుని చూసి, సామాను ఏదీ ఊడదీయకుండా, బండి నేల మీద ఉండగానే నాలుగు బోల్టులు వదులు చేశారు. టక్కున ఒక చప్పుడుతో వెనుక భాగం వేలెడంత దిగింది. చెవిలో ఇరికించిన రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు పట్టేస్తుంది, ఆ తర్వాత కదలికంతా రబ్బరు మెలిపడటం ద్వారానే జరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి నేల మీద నిలిచినంతసేపూ ఆ రబ్బరు మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది. కాబట్టి చక్రాలు ఎక్కించి, బండి దించి, కొద్దిగా ముందుకూ వెనక్కూ కదిలించిన తర్వాతే ఆ బోల్టులను చివరి టార్క్‌కు బిగించాలి. ముందు భాగంలోని ఆర్మ్‌ల బుష్‌లకూ ఇదే నియమం.

ముందు స్ట్రట్‌లు

ఈ భాగంలో పగ్గాలు అనుభవజ్ఞుడి చేతికి ఇవ్వాలి. బండిలో బిగించిన స్ట్రట్ లోని స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది పై నట్టు. స్ట్రట్ పైభాగంలో ఛాసిస్‌కు పట్టే చిన్న నట్లు చుట్టూ ఉంటాయి, వాటి మధ్యలో పెద్ద నట్టు ఉంటుంది. ఆ మధ్య నట్టును, స్ప్రింగును కంప్రెసర్‌తో బంధించకుండా విప్పితే అది తుపాకీ గుండులా దూసుకొస్తుంది. నా సలహా ఏమిటంటే స్ప్రింగుతో సహా కూర్చి వచ్చిన స్ట్రట్‌లనే కొనుక్కోవాలి. అది వీలుకాకపోతే స్ట్రట్‌లను బయటికి తీసి, స్థిరమైన ప్రెస్ ఉన్న వర్క్‌షాపులో స్ప్రింగులు మార్పించుకోవాలి.

మిగిలిన క్రమం ఇలా సాగుతుంది. ముందుగా బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగల బ్రాకెట్లు విప్పాలి. యాంటీ రోల్ బార్ లింకులను రెండు వైపులా ఒకేసారి విడదీయాలి, లేకపోతే ఒక వైపు ఆర్మ్ దిగడానికి రెండో వైపు అడ్డుపడుతుంది. తర్వాత పై బాల్ జాయింట్‌ను దాని రబ్బరు తొడుగు చిరగకుండా విడదీసి, స్ట్రట్ అడుగు బోల్టు, పైనున్న చిన్న నట్లు తీయాలి. హబ్ బయటి వైపుకు వాలకుండా తాడుతో కట్టి ఉంచాలి, వాలితే సీవీ యాక్సిల్ లోపలి జాయింట్ విడిపోవచ్చు. బిగించేటప్పుడు బాల్ జాయింట్ నట్టుకు కొత్త చీలిక పిన్నే వాడాలి.

రోడ్డెక్కే ముందు

స్టీరింగును పూర్తిగా ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పుతూ, బ్రేకు గొట్టాలు ఎక్కడా లాగుకోవడం లేదనీ, టైరు దేనికీ రాసుకోవడం లేదనీ ఇద్దరూ చెరో వైపు నుంచి చూడాలి. టేపు ముక్కల మీది కొలతలతో కొత్త ఎత్తును పోల్చాలి.

చాలామంది మరచిపోయేది వెనుక బ్రేకుల వాల్వు. కొన్ని పికప్‌లలో ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరాన్ని బట్టి వెనుక బ్రేకు ఒత్తిడిని నిర్ణయించే వాల్వు ఉంటుంది. ఛాసిస్ ఎత్తు పెరగగానే, తొట్టి ఖాళీగా ఉందనుకుని అది వెనుక బ్రేకులను తగ్గిస్తుంది. నిండు బరువుతో ఉన్న బండికి ఇది ప్రమాదకరం. ఆ వాల్వు కడ్డీని తయారీదారు చెప్పిన కొలతకు సవరించాలి లేదా కిట్‌తో వచ్చే బ్రాకెట్‌ను బిగించాలి. అనుభవజ్ఞుడిని తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్నల్లో ఇది ఒకటి.

ఆ తర్వాత బండిని నెమ్మదిగా నడుపుతూ నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లాలి. చక్రాల కోణాలైన టో, క్యాంబర్‌తో పాటు క్యాస్టర్ (స్టీరింగు తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) కొలత కూడా ముద్రించి ఇమ్మని అడగాలి, ఎత్తు పెంచిన బండిలో తగ్గిపోయేది సాధారణంగా అదే. అది తగ్గితే స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడం మందగిస్తుంది. ముందు అద్దం మీద కెమెరా, బంపర్‌లో రాడార్ ఉన్న బండ్లకు వాటి క్యాలిబ్రేషన్ అవసరమో కాదో మాన్యువల్ చెబుతుంది. దీపాల కోణం మాత్రం అందరూ సరిచేయించుకోవలసిందే.

మొదటి 100 కిలోమీటర్లు ఖాళీ బండితోనే తిరిగి, యూ బోల్టులు సహా విప్పిన ప్రతి బోల్టునూ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. 500 కిలోమీటర్ల తర్వాత మరోసారి చూడాలి. సరిచూసిన ప్రతి నట్టు మీదా, దాని పక్కనున్న ఇనుము మీదా కలిసేలా రంగు పెన్నుతో ఒక గీత గీసి పెట్టుకుంటే, తర్వాత టైరు మార్చడానికి వంగినప్పుడల్లా ఆ గీత ఇంకా ఒకే వరుసలో ఉందో లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది.