కర్రీ పాయింట్‌కి క్యారేజీ తీసుకెళ్లడం ఎలా?

కర్రీ పాయింట్‌లో పప్పు, వేపుడు, సాంబారు తీసుకుంటే మూడు కవర్లు, మూడు రబ్బరు బ్యాండ్లు, వాటిని మోయడానికి ఇంకో కవరు. పాల కవర్లయితే కడిగి ఆరబెడితే పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు. సాంబారు పట్టిన పలచటి కవరును ఎవరూ ముట్టుకోరు. బిర్యానీ కట్టే సిల్వర్ కవరు ఇంకా దారుణం. ప్లాస్టిక్‌కి అల్యూమినియం పొర అతుక్కుని ఉంటుంది, ఆ రెంటినీ విడదీసే పని ఎవరు పెట్టుకుంటారు?

కావాల్సినవి: మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, ఒక గుడ్డ సంచి. ప్లాస్టిక్ డబ్బాలు వద్దు. పసుపు మరక జన్మలో పోదు.

టైము: మధ్యాహ్నం పన్నెండున్నర లోపు, రాత్రయితే ఏడున్నర లోపు. రద్దీ మొదలైతే అన్నీ ముందే కవర్లలో కట్టి పేర్చేస్తారు.

కౌంటర్ దగ్గర: అందరూ చెడగొట్టేది ఇక్కడే. "అన్నా, ఒక పప్పు, ఒక బెండకాయ వేపుడు" అని ముందు చెప్పేసి, తర్వాత తీరిగ్గా సంచిలోంచి క్యారేజీ తీస్తారు. ఈలోపు అతని చెయ్యి కవరు మీద పడిపోతుంది. కవర్లో పోసి ముడేసి, ఆ కవరునే మీ గిన్నెలో పెట్టి ఇస్తాడు. లేదంటే కవర్లో కొలిచి గిన్నెలోకి ఒంపి, కవరు బుట్టలో పడేస్తాడు. ఎలా చూసినా కవరు ఖర్చయింది, మీకు క్యారేజీ మోసిన శ్రమ మిగిలింది.

అందుకే నోరు తెరవకముందే మూత తీసిన గిన్నెలు కౌంటర్ మీద పెట్టండి. మొదటి మాట "కవరు వద్దన్నా, ఇందులోనే వెయ్యి". కూర పేరు ఆ తర్వాతే.

అప్పుడు అతనికి కొలత టెన్షన్. కవర్లో నిండుగా కనిపించే కూర వెడల్పు గిన్నెలో అడుగున పడి ఉంటుంది, ఇంకాస్త వెయ్యమంటారని అతని భయం. "పార్శిల్‌కి ఎన్ని గరిటెలు వేస్తావో అన్నే వెయ్యి" అనండి. కొసరు అడగొద్దు. అడిగితే రేపు మీ క్యారేజీ చూడగానే మొహం తిప్పుకుంటాడు.

సాంబారు అడుగు గిన్నెలోనే, అదీ అంచుకి రెండు వేళ్ల కిందిదాకా. పై గిన్నె అడుగు అందులోకి దిగుతుంది కదా, నిండుగా పోయిస్తే క్లిప్పు పెట్టేటప్పుడే పొర్లుతుంది.

కాగితం డబ్బాల్లో ఇచ్చే చోటికి వెళ్తే సరిపోదా అంటారు కొందరు. వేడి పప్పు కారకుండా ఆ కాగితానికి లోపల మామూలుగా వేసేది ప్లాస్టిక్ పూతే. పైగా అడక్కుండానే ప్లాస్టిక్ చెంచా పడేస్తారు, 2022 జూలై 1 నుంచి దానిమీద నిషేధం ఉన్నా.

స్వీటు షాపులోనూ, చికెన్ కొట్టులోనూ పద్ధతి ఇదే, తూకం ఒక్కటే అదనం. ఖాళీ డబ్బా కాటా మీద పెట్టించి "జీరో చెయ్యండి" అనండి. తెర మీద సున్నా కనబడ్డాకే సరుకు వేయనివ్వాలి. చికెన్‌కి మాత్రం డబ్బా వేరే ఉంచుకోండి, సాంబారుకి అదే పట్టుకెళ్లొద్దు.