అల్లాయ్ వీల్ పెయింట్‌లో గుంటలు, పెచ్చులు, ముడతలు: అసలు తేడా ఎక్కడుంది?

ఇంట్లో అల్లాయ్ వీల్స్‌కి రంగు వేశాక తేడా కొడితే అందరూ ముందు తిట్టేది స్ప్రే క్యాన్‌నే. బ్రాండ్ మారుస్తారు, ప్రైమర్ మారుస్తారు, మళ్లీ కొడతారు, మళ్లీ అదే గోల. నిజానికి క్యాన్ తప్పు చాలా అరుదు. తప్పంతా రంగు కింద ఉంటుంది.

అందుకే ఏ సమస్యకైనా ముందు ఒక్క పరీక్ష. సాండింగ్ అయిన, అంటే గరుకు పేపర్‌తో రుద్దిన, రిమ్ మీద మంచినీళ్లు పోయండి. నీళ్లు పలచటి పొరలా పరుచుకుని అలాగే నిలిస్తే శుభ్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా విడిపోయి బొట్లు కడితే అక్కడ జిడ్డు ఉన్నట్టే. సబ్బుతో కడిగి ఉంటే ముందు సబ్బు పూర్తిగా పోయేలా కడగాలి, ఎందుకంటే మిగిలిన సబ్బు కూడా నీళ్లను పరిచి మోసం చేస్తుంది. నిమిషం కూడా పట్టని పని ఇది. చేశారా అని అడిగితే మాత్రం "థిన్నర్‌తో తుడిచాం కదండీ" అనే జవాబే వస్తుంది.

రంగు పడగానే గుండ్రటి గుంటలు

తడి రంగు మీద పిన్ను తలంత నుంచి కందిగింజంత వరకు గుంటలు పడతాయి. అంచు కాస్త ఉబ్బి ఉంటుంది, మధ్యలో కింది పొర కనిపిస్తుంది. రంగు పడిన కొన్ని సెకన్లలోనే వచ్చేస్తాయి. వీటినే ఫిష్ ఐ అంటారు. ఆరాక సూది గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు కనపడితే అది వేరే సంగతి: కోటు మందంగా పడి, లోపలి థిన్నర్ పైపొరను పొడుచుకుని బయటికొచ్చింది. పలచగా వేయండి, ఎండలో ఆరబెట్టకండి, అంతే.

ఫిష్ ఐకి కారణం సిలికాన్. అది వచ్చేది ఎక్కువగా టైర్ పాలిష్ నుంచి. సిలికాన్ ఉన్నచోట తడి రంగు నిలవలేక పక్కకు తప్పుకుంటుంది. ఇక్కడివరకు చాలామందికి తెలుసు. నన్నూ, ఇంకెందరినో ముప్పుతిప్పలు పెట్టింది ఆ పాలిష్ దాక్కునే చోటు.

టైరు రబ్బరు రిమ్ అంచును తాకే దగ్గర సన్నటి సందు ఉంటుంది. ఏళ్ల తరబడి పూసిన పాలిష్ అంతా అందులోకి దిగి కూర్చుంటుంది. మీరు రిమ్‌ని అద్దంలా కడుగుతారు, సందు జోలికి మాత్రం వెళ్లరు. తర్వాత మాస్కింగ్ టేప్‌ని వేలితో ఆ సందులోకి నొక్కుతారు. అదే వేలితో రిమ్ ముట్టుకుంటారు. కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదితే ఆ గాలి సందులోని నూనెను రిమ్ మీదికి చిమ్ముతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం సాండింగ్‌తో. జిడ్డు తీయకముందే పేపర్ పెట్టి రుద్దితే ఆ జిడ్డు రిమ్ అంతా పాకి, పేపర్ గీసిన గీతల్లోకి దిగిపోతుంది. ఆ మీదట థిన్నర్ గుడ్డతో ఎంత తుడిచినా, థిన్నర్ ఆవిరైపోతుంది, నూనె అక్కడే ఉంటుంది. ఒకే గుడ్డను తిప్పి తిప్పి వాడితే ఇక చెప్పేదేముంది, జిడ్డును చేత్తో పంచిపెట్టడమే.

గుంటలు ఎక్కడ పడ్డాయో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. రిమ్ బయటి అంచు వెంబడి వరసగా ఉంటే దోషి టైరు సందే. నమ్మకం లేకపోతే తెల్లటి టిష్యూని మడిచి ఆ సందులో ఒక్కసారి లాగండి. నల్లగా, వేళ్ల మధ్య జారుతున్నట్టు మరక వస్తుంది. గుంటలు రిమ్ అంతా చెల్లాచెదురుగా ఉంటే అదే గదిలో ఎవరో డ్యాష్‌బోర్డ్ స్ప్రేనో, సిలికాన్ లూబ్రికెంటో కొట్టి ఉంటారు, లేదా కంప్రెసర్ లైన్లో నూనె వస్తోంది.

గుంటలు కనపడగానే స్ప్రే ఆపేయండి. ఇంకో కోటుతో పూడుద్దామని చూస్తే గుంట అలాగే ఉండి చుట్టూ గట్టు పెరుగుతుంది. క్యాన్ మీద రాసినంత సేపు పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత వరస ఇదీ:

సాండింగ్‌కి ముందే జిడ్డు తీయాలి. టైరులో గాలి తీసేస్తే పక్కగోడ లోపలికి నొక్కుకుని సందు తెరుచుకుంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్, వేడినీళ్లు, బ్రష్షుతో సందునూ టైరు పక్కగోడనూ తోమి, బాగా కడిగి ఆరబెట్టండి. ప్లాస్టిక్ స్క్రేపర్‌కి గుడ్డ చుట్టి, వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌లో (మైనం, జిడ్డు తీసే ద్రవం) తడిపి సందులో తిప్పండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. రిమ్ ముఖం మీదైతే రెండు గుడ్డలు కావాలి: ఒకదానితో రిమూవర్ తడిగా పూసి, అది ఆరకముందే రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. అరచేయంత చోటు చొప్పున చేయండి. ఆరిపోయాక తుడిస్తే లాభం లేదు.

ఆ తర్వాతే కొత్త పేపర్‌తో గుంటలు పూర్తిగా పోయేదాకా రుద్దండి. మళ్లీ రిమూవర్, మళ్లీ నీళ్ల పరీక్ష. చేతికి కొత్త గ్లవ్స్. మాస్కింగ్‌కి టేప్ బదులు పేకముక్కల్లాంటి గట్టి కార్డులను ఒకదాని మీద ఒకటి ఎక్కేలా సందులో దూర్చండి. మొదటి రెండు కోట్లు మంచు పట్టినట్టు పలచగా కొట్టి ఆరనిచ్చాకే నిండు కోటు.

స్ప్రే గన్‌తో వేసేవాళ్లకి రంగులో ఫిష్ ఐ డ్రాప్స్ కలపమని సలహా ఇస్తుంటారు. అందులో ఉండేదీ ఎక్కువగా సిలికానే, ముల్లును ముల్లుతో తీయడమన్నమాట. తర్వాత ఆ గన్ను కడిగి కడిగి మీకు విసుగు పుడుతుంది. నా మాట వింటే వద్దు. టైరు విప్పించి రంగు వేసే వీలుంటే ఇదంతా చాలావరకు తప్పుతుంది. ఇంకో మాట, పాలిష్ డబ్బా మీద వాటర్ బేస్డ్ అని ఉన్నంత మాత్రాన సిలికాన్ లేదనుకోకండి.

పెచ్చులుగా ఊడిపోతోంది

ఊడిన పెచ్చును తిరగేసి చూడండి. వెనక నున్నగా మెరుస్తుంటే కింది పొరను గరుకు చేయలేదు. స్పోక్ మూలల్లో, నట్ల గుంటల చుట్టూ పేపర్ వెళ్లదు, అక్కడ స్కఫ్ ప్యాడ్ (గరుకు పీచు ప్యాడ్) వాడాలి. కింద ఉత్త లోహం బయటపడితే లోహాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్ గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ వేయలేదన్నమాట. అల్యూమినియం గాలి తగలగానే ఆక్సైడ్ పొర కట్టడం మొదలుపెడుతుంది, అందుకే రుద్దిన రోజే ప్రైమర్ పడాలి. లోహం మీద 240, 320 నంబర్ పేపర్ చాలు. 800తో నున్నగా చేస్తే ప్రైమర్‌కి పట్టు దొరకదు. పుట్టీ పెట్టేదుంటే ఎచ్ ప్రైమర్ మీద పెట్టకండి, రెండింటికీ పడదు.

పొక్కులు, కింద తెల్లపొడి

పాత తుప్పు మీదే రంగు వేశారు. పొక్కు చుట్టూ ఇంకాస్త వెడల్పుగా, మెరిసే లోహం వచ్చేదాకా రుద్దడం తప్ప దారి లేదు.

రెండో కోటు పడగానే ముడతలు

లేబుల్ చదవలేదు. ఇంత సేపట్లోపు వేయండి, లేదా ఇన్ని గంటలు ఆగి వేయండి అని దాని మీదే ఉంటుంది. ఆ రెండింటి మధ్యలో వేస్తే సగం ఆరిన పొర ఉబ్బి ముడుచుకుంటుంది. బాగా ఆరనిచ్చి, రుద్ది, మళ్లీ వేయండి.

క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పొర) తెల్లగా మంచు పట్టినట్టుంటే గాలిలో తేమ. నారింజ తొక్కలా ఉంటే దూరం నుంచి కొట్టారు, కారితే మరీ దగ్గర నుంచి. 20-25 సెంటీమీటర్లు సరిపోతుంది. బ్రేక్ ఆయిల్ పడి క్లియర్ లేచిపోతే అది మామూలు క్యాన్ క్లియర్. హార్డెనర్ కలిసే టూ-కె క్లియర్ గట్టిగా నిలుస్తుంది గానీ అందులో ఐసోసైనేట్ అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనం ఉంటుంది. దాని దగ్గర దుమ్ము మాస్క్ పనికిరాదు.

బిగించాక నట్లు వదులవుతున్నాయి

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చక్రం వెనక హబ్‌కి (చక్రాన్ని బిగించే ఇరుసు భాగం) ఆనే ముఖం మీద, నట్లు కూర్చునే గుంటల్లో రంగు పడింది. వేడికీ బరువుకీ ఆ పొర నలిగి బిగింపు తగ్గుతుంది. ఆ రెండు చోట్లా రంగు మొత్తం గీకేయండి. బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలం) బిగించి, 50-100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ చూడండి. స్టీరింగ్ వణుకుతుంటే ముందు గుర్తుచేసుకోవాల్సింది రుద్దేటప్పుడు మీరు పీకేసిన బ్యాలెన్సింగ్ బరువులు.

వీల్ పోతపోసినప్పటి లోపాలు, పాడైన క్యాన్ లాంటివి వందలో ఒకటి, వాటి గురించి టెన్షన్ పడకండి. క్రోమ్ పూత ఉన్న వీల్స్ అయితే ఇంట్లో మొదలుపెట్టకండి, పూత తీయించాకే రంగు.